గాటు

రెండు మిల్లీమీటర్ల గాటు.
అంతకన్నా లోతుగా ఎప్పుడూ కోయం.
చిటికెనవేలంత ఉక్కు ముక్క, నడుమ ఆ గాటు,
ఎదురుగా పైకెత్తి ఆపిన లోలకం సుత్తి.

నాకూ దానికీ మధ్య మీటరు మందాన గాజు,
సీసం కలిసి పసుపు తిరిగిన గాజు.
అందులోంచి చూస్తే ప్రాగ్ శివార్లలో
ఏ ఉదయమైనా సాయంత్రంలాగే ఉంటుంది.
ఇనుప చేతులతో ముక్కని పట్టి పీట మీద కూర్చోబెడతాను.
ముప్ఫయ్యొక్క ఏళ్లు.
ఇంతవరకు ఒక్కదాన్నీ వేలితో తాకలేదు.

ఇవి గోడకు తోబుట్టువులు.
అదే ఉక్కు, అదే అతుకు.
రియాక్టర్ కుండ లోపల, నిప్పుకు గోడకన్నా దగ్గరగా
వీటిని వేలాడదీసి ఉంచారు,
గోడకు రాబోయే ముసలితనం
ముందు వీటికి రావాలని.
నా పీట మీద ఉన్నది ఇవాళ్టి ఉక్కు కాదు,
ఇరవయ్యేళ్ల తర్వాతి గోడ.

వేడిగా ఉంటే వంగుతుంది,
చిరిగిన చోట పీచు పీచుగా, మసకగా.
చల్లగా ఉంటే టక్కుమంటుంది,
విరిగిన ముఖం నిండా పంచదార మెరుపు.
మధ్యలో ఎక్కడో ఒక డిగ్రీ ఉంది, అక్కడ ఉక్కు బుద్ధి మారుతుంది.
న్యూట్రాన్లు తగిలే కొద్దీ ఆ డిగ్రీ పైకి పాకుతుంది.
ఎంత పాకిందో చెప్పడమే నా కూలి.

మంగళవారం, పదకొండో ముక్క.
తొంభై డిగ్రీల్లో వంగాల్సింది.
మెరిసింది.

"వదిలేద్దాం ద్రహొమీరా గారూ," అన్నాడు ఒటకార్,
"చుక్క గీతకి మరీ దూరంగా పడింది,
పీట మీద వంకరగా కూర్చుందేమో."
కూర్చుందేమో.
నేనూ ఆ మాటే నమ్మాలనుకుని
మధ్యాహ్నం సూప్ చల్లారేదాకా నమ్మాను.

ప్ల్జెన్ కార్ఖానా పాత చిట్టాలో అతుకు నంబరు, తారీఖు,
పక్కన వంకర సంతకం: వెందెలీన్ హ్రుబెష్.
ఎనభై నాలుగేళ్లు. పావురాలు పెంచుతున్నాడు.
"ఆ వారం కొత్త తీగచుట్ట విప్పాం," అన్నాడు ఫోన్లో,
"తుప్పు పట్టకుండా రాగి పూసింది.
రాగి చేటని మాకెవరు చెప్పారమ్మా?
తళతళలాడేది."
ఆగి, అడిగాడు:
"నా అతుకు పగులుతుందా?"

అందరూ అడిగేది అదే. డైరెక్టరు కూడా.
అవునా, కాదా.
నా దగ్గర ఉన్నది ఒక అంకె, దాని చుట్టూ కాస్త జాగా.

భయం నిప్పుది కాదు.
ఎక్కడో గొట్టం తెగితే
కాపాడడానికి పరుగెత్తుకొచ్చే చన్నీళ్లది.
కాగిన గోడ లోపలి చర్మం ముడుచుకుంటుంది,
వెలుపలి ఒళ్లు ముడుచుకోనంటుంది.
ఆ క్షణాన అతుకులో ఒక గీత ఉంటే?
ఇంతవరకు ఏ పరీక్షలోనూ కనపడని ఆ గీతని
మేం కాగితం మీద పావు గోడ లోతున గీసుకుంటాం,
ఉందనే అనుకుని, అప్పుడు లెక్క మొదలుపెడతాం.
లేని పగులుకి ఇంత మర్యాద చేసే ఉద్యోగం
ఇంకొకటి ఉండదనుకుంటాను.

మా నాన్న గాజు ఊదేవాడు.
తొందరపడి చల్లార్చిన గ్లాసు
అల్మారాలో కూర్చుని, ఎవరూ ముట్టుకోకుండానే,
ఒక రాత్రి పగిలేది.
"కోపం లోపల ఉండిపోయింది," అనేవాడు, పెంకులు ఏరుతూ.

పదకొండో చుక్కని గీత మీదికి లాగలేదు.
గీతనే జరిపాను.
రాశాను: అత్యవసర తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా ఉంచాలి.
అతుకు పక్కన ఇంధనం కొంత తీసేయాలి.
ఆ పైన, అతుకును కాల్చాలి.

రాత్రి మళ్లీ ఫోన్ చేశాను.
"మీ అతుక్కి కాపడం పెట్టబోతున్నాం హ్రుబెష్ గారూ,
నాలుగు వందల డెబ్బయ్యైదు డిగ్రీలు."
అవతల పావురాల గురగుర.
"ఎన్నాళ్లు?"
"నూట యాభై గంటలు."
"నెమ్మదిగా చల్లార్చండి," అన్నాడు.

నలభై ఒకటో పేజీలో ఆ మాట అప్పటికే ఉంది.
అయినా మళ్లీ రాశాను.