గురువారం ఇస్తాను

ఇటెన్‌లో పరుగు తీయని మనిషిని చూడాలంటే
నా కుట్టు కొట్టుకి రావాలనేవారు.
ఇరవై రెండేళ్లు
పరిగెత్తేవాళ్ల జిప్పులు మార్చాను,
మోకాళ్ల దగ్గర చిరుగులు కుట్టాను.
గెలిచి వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నాను,
గెలవనివాళ్లు తర్వాత ఇస్తామంటే సరే అన్నాను.

మూల కొక్కేనికి ఒక నీలం ట్రాక్‌సూట్ ఉండేది.
చెరంగానీ కొండల నుంచి వచ్చిన పిల్ల ఇచ్చింది,
పిక్క దగ్గర జానెడు చిరుగు.
"రేపొచ్చి తీసుకుంటా" అంది.
ఆ రేపు మీద మూడేళ్ల దుమ్ము పేరుకుంది.

జూన్ వానల్లో ఒక తెల్లవారుజామున
తలుపు గడియ పెట్టి తొడుక్కున్నాను.
పడుతుందో లేదో చూద్దామని, అంతే.
పట్టలేదు.
తుంటి దగ్గర విప్పి, అటూ ఇటూ
రెండంగుళాల నల్లపట్టీ వేశాను.
అంత పని చేశాక
ఊరికే విప్పి తగిలించడానికి మనసొప్పలేదు.

నాకు నలభై ఏడు.
మొదటి రోజు పిండి మర దాకా వెళ్లి
దాని గోడ పట్టుకుని నిలబడ్డాను.
సంచులు భుజాన వేసుకుని బడికి పోయే పిల్లలు
నన్ను దాటారు,
జాలిపడి వెనక్కొచ్చి మళ్లీ దాటారు.
"షంగాజీ, ఎవరు తరుముతున్నారు?"
జవాబు చెప్పడానికి
నా దగ్గర ఊపిరి లేదు.

బూట్లు సంతలో కుప్పలోంచి ఏరినవి.
అరసైజు పెద్దవి.
వేళ్ల ముందు పీలికలు కుక్కాను,
ఒకదాంట్లో పెళ్లిబట్టల పట్టు,
ఒకదాంట్లో బడి యూనిఫాం ఖాకీ.
పట్టు ఉన్న కాలికే బొబ్బలెక్కాయి.

నవంబరులో ఎల్దోరెత్‌లో మారథాన్.
"నలభై రెండు వేల మీటర్లు సరే,
పైన ఈ నూట తొంభై అయిదు ఎందుకమ్మా?"
అంది నా కూతురు చెలగాత్.
ఎవరు పెట్టారో నాకేం తెలుసు!
గుడ్డని లెక్కకి సరిగ్గా మాత్రం కత్తిరించకూడదు.
మడతలోకి పోయేది కొంత,
కుట్టు మింగేది కొంత,
మనిషి ఒళ్లు చేస్తాడో చిక్కిపోతాడో అని
లోపల దాచిపెట్టేది కొంత.

మా ఆయన కిమైయో మతాతు నడుపుతాడు.
నిన్నటి ఆదివారం కప్సొవార్ రోడ్డు మీద
ముప్ఫై రెండు కిలోమీటర్ల అవతల నన్ను దించి
వెనక్కి చూడకుండా బండి తిప్పుకుని పోయాడు.
అలాగే పొమ్మని నేనే చెప్పాను.
అయినా ఒళ్లు మండింది.
ఆ మంట మీదే నాలుగు కిలోమీటర్లు నడిచాయి కాళ్లు.

ఎడమ పక్క కేరియో లోయ.
మబ్బు కింద ఉంది, నేను పైనున్నాను.
ఎర్రమట్టి పళ్లలోకి వచ్చింది.
జేబులో ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప
చెమటకి తడిసి రెండింతల ఉప్పయింది, తిన్నాను.
ఇరవయ్యో రాయి దాటాక
ఈ కాళ్లు నావి కావు,
కొలతలు రాసుకోకుండా ఎవరో కుట్టిన కాళ్లు.
ఒక బండరాయి కనిపించింది.
కూర్చుంటే లేవనని తెలిసి కూడా
దాని వైపే చూస్తూ పోతున్నాను.

వెనక వాన మొదలైనట్టు చప్పుడు.
వాన కాదు, అడుగులు.
ముప్ఫై మంది నా మీదుగా నీడలు ఈడ్చుకుంటూ పోయారు.
అందరి మోకాళ్లూ నాకు తెలుసు,
ముఖాలు సగమే తెలుసు.
చివరి పొడుగు కుర్రాడు యాతోర్
తల తిప్పి అరిచాడు:
"మామా, నా కోటు జిప్పు?"

"గురువారం తప్పకుండా ఇస్తాను, సాయంత్రం రా."

అంత పొడుగు మాట!
మధ్యలో ఎక్కడా తెగలేదు.
"ఏ గురువారం?" అని నవ్వుతూ
వాడు మలుపులో కలిసిపోయాడు.

బండరాయి ఎప్పుడు దాటానో చూడలేదు.
ఇంకా ఏడు కిలోమీటర్లుంది ఇంటికి.
ఇంట్లో మిషన్ మీద వాడి కోటు,
పాత జిప్పు కూడా విప్పలేదు.