నాలుగూ నలభై బస్సు

ముందు వాళ్ళమ్మ దిగాలి.
ప్లోవ్‌దివ్ నుంచి కొండెక్కుతోంది బస్సు.
స్టోయాంక దగ్గర ఫోన్ లేదు గానీ
పక్క సీటువాళ్ళ దగ్గర ఉంటుందిగా.
ఎవరో చదివి వినిపిస్తే?

అందుకే పొద్దుటి నుంచీ
రాసిందాన్ని పంపకుండా పట్టుక్కూర్చున్నాను,
పొంగే పాల మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

మొదట 'బ్లగోయ్ ఇక లేడు' అని రాశాను.
గుమ్మంలో అతని బూట్లు,
మడమల దగ్గర మంచు ఇంకా కరుగుతూ.
కొట్టేశాను.
'మమ్మల్ని విడిచి వెళ్ళాడు'
ఎక్కడికెళ్ళినా
వస్తూ వస్తూ రొట్టె తెచ్చేవాడు కదా.
అదీ కొట్టేశాను.

ఫోటోలు వెతికితే
అన్నిట్లోనూ స్కీ లిఫ్టు తీగల కింద
గ్రీజు చేత్తో మొహం దాచుకుంటాడు.
ఒక్కదాంట్లోనే నవ్వాడు,
మూలన నా వేలు అడ్డం.
అదే పెట్టాను.

ఖాళీ గడి అడుగుతూనే ఉంది:
మీ మనసులో ఏముంది?
లిఫ్టు దగ్గరి కుర్రాడెవడో
అప్పుడే 'నిజమేనా' అని పంపాడు.
నిజం ఇంకా
దారిలో ఉంది, మలుపులు తిరుగుతూ.

నాలుగూ నలభై. స్మోల్యాన్ బస్టాండు.
దిగి, నా మొహం చూసి,
సంచీ కింద పెట్టేసింది.
నేను చెప్పనే లేదు.

చాలాసేపటికి, బెంచీ మీద
ఆమె తల నా భుజాన ఉండగా
నొక్కాను.
అలవాటుపడ్డ వేలు
అతని పేరునీ తగిలించింది.

కోటు ఎడమ జేబులో
ఆస్పత్రివాళ్ళిచ్చిన అతని ఫోన్
చిన్నగా మోగింది.

"ఎవరికో కబురొచ్చింది,"
కళ్ళు మూసుకునే అంది స్టోయాంక,
"చూడమ్మా."