గిర్వి

క్రాన్‌బోర్న్‌ల జూలై రాత్రి.
ఇంట్ల ఆరుగురం, గోడలు అట్టలసొంటివి,
గందుకే చదువుడు కార్ల.
మా మాటలకే అద్దాలు మసకబారుతున్నయి.
నవ్‌కిరణ్ స్టీరింగ్ ముంగట కూసొని
ఫోన్ల చూసుకుంట ఇంగ్లీషు ముక్క చదువుతది:
ఇంటి ఓనరు, అండ్ల ఉండేటామె, బాండు పైసలు,
ముప్పై అయిదు మాటలు దాటకుంట.
నేను తెలుగుల చెప్పాలె.
తర్వాత నేను చదువుత, ఆమె పంజాబీల చెప్తది.

ఒకలకొకలం పరీక్ష పెట్టుకుంటున్నం,
ఒకల భాష ఒకలకు రాదు.
నేను తప్పు చెప్పినా తలూపుతది.
ఆమె వినేది ఒక్కటే, నేనెక్కడ ఆగిన్నో.
ఆగితే వేలు లేపుతది.
ఒక మార్కు పోయినట్టు.

నాకు ఎనభై అయిదు ఉన్నయి.
వయసుకిన్ని, డిగ్రీకిన్ని, ఇంగ్లీషుకిన్ని.
తెలుగుకు ఐదు.
పుట్టినకాడికెళ్లి ఊకెనే వెంట వస్తున్నదానికి
ఎవలో ఒకలు రేటు కట్టిన్రు,
మరీ తక్కువేం గాదు.

ఆదివారం ఆన్‌లైన్ల విద్యుల్లత మేడం.
కిరాయి అన్న. "అద్దె."
దవాఖాన అన్న. "ఆసుపత్రి."
హోమ్ లోన్ ముక్క వస్తే, ఇల్లు గిర్వి ఉన్నది అన్న.
మేడం మంచిదే, నవ్వలే.
"తాకట్టు, స్వరూపా. దిద్దేవాళ్లది ఏ జిల్లానో
మనకు తెలీదు కదమ్మా, రిస్కెందుకు?"

నోట్‌బుక్కుల నడుమ గీత గీసిన.
ఎడమ దిక్కు మా నిర్మల్ మాట,
కుడి దిక్కు మార్కులొచ్చే మాట.
ఎడమ దిక్కంత కొట్టేసుకుంట పోయిన.
షిఫ్టుల గూడ, ముసలోళ్ల దుప్పట్లు మడతవెట్టుకుంట
తాకట్టు, వాది, ప్రతివాది, కణజాల పరీక్ష.
ఈ మాటలతోని ఎన్నడూ ఎవలతోని కొట్లాడలే,
ఎవలనూ బుదరకియ్యలే.

పరీక్ష ముందటి రాత్రి పండ్లు గజగజ కొట్టుకునే చలి.
ముక్కల బ్యాంకు ఆఫీసరు,
కిస్తులు కట్టలేని ఒక ఆడామె.
పన్నెండు గంటలు నిలబడొచ్చిన. నోరు మేడం మాట వినలే.
"ఇల్లు గిర్వి ఉన్నది సారూ, కిరాయి వస్తలేదు,
పైసలన్ని దవాఖానకే..."

నవ్‌కిరణ్ ఫోను ఒళ్లె వెట్టుకొని నా దిక్కు మళ్లింది.
"గిర్వీ?" అన్నది. "కిరాయా? దవాఖానా?"
మూడు వేళ్లు లేపింది,
మార్కులు కోసేటందుకు గాదు.

బటిండ దిక్కు మూడెకరాలు గిర్వి వెట్టి
తనను ఈడికి తోలిన్రంట.
రెండేండ్ల సంది ఒక్క కప్పుల చాయ తాగుతున్నం,
ఇంగ్లీషుల ఎప్పుడడిగినా
ఎడ్యుకేషన్ లోన్ అనేది.
నాది ఏందని అడిగింది.
మా అక్క పుస్తెలతాడు.
ఆమెకు చెప్పేటందుకు మాట దొరకలే,
మెడ చుట్టు వేలుతోని గీసి చూపెట్టిన.
హీటర్ బంద్ చేసి కొద్దిసేపు గట్లనే కూసున్నం.

తెల్లారి పరీక్షల తాకట్టు అనే అన్న.
అరవై మూడు కావాలె, డెబ్బై ఒకటి వచ్చినయి.
నవ్‌కిరణ్‌కు అరవై ఒకటి.
"ఇంట్ల ఏమని చెప్పాలె, పంజాబీల ఫేలైన అనా?"
అని నవ్వింది,
నవ్వు సగంల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

మళ్ల పైసలు కట్టింది. మళ్ల కార్ల కూసున్నం,
ఇప్పుడు స్టీరింగ్ ముంగట నేను.
ఆమె చెప్పుకుంట పోతున్నది, నాకు సగం తెల్వది.
ఆగినకాడ వేలు లేపాలె.
నేనేమో ఒళ్లె నోట్‌బుక్కు తెరిచి
ఎడమ దిక్కు కొట్టేసిన మాటలల్ల
ఆమె నోట్లెకెళ్లి వచ్చినయి వచ్చినట్టు
మళ్ల రాసుకుంటున్న.

"ఎన్ని కోసినవ్?" అంటది,
పెన్ను చప్పుడు విని.