అక్షరానికి నాలుగు డాలర్లు

మా ఊళ్ళో ఏ వదంతి పుట్టినా
ముందు నా కుట్టుమిషను దగ్గరికే వస్తుంది.
జెర్సీల వీపు మీద పేర్లు కుట్టడం నా పని.
విప్పడం అంతకన్నా పెద్ద పని.
నికెల్ గనిలో రెండో షిఫ్టు దిగి
చెవుల వెనక ధూళి ఇంకా ఉండగానే వచ్చేసి
"లెంపీ, ఆర్షాంబో ఉంటాడంటావా?" అని అడుగుతారు,
అతని జాతకమేదో బాబిన్‌కి చుట్టి దాచుకున్నట్టు.

ఆర్షాంబో.
పలికితే మూడక్షరాలు,
కుట్టడానికి, ఫ్రెంచివాళ్ళ చలవ, పన్నెండు.
నలభై ఎనిమిది డాలర్లు.
తొమ్మిదేళ్ళుగా నా కొట్టు అద్దె కడుతున్నది
ఒక రకంగా ఆ గోలీయే.

మొన్న రాత్రి డ్రాఫ్టు. పదకొండో ఎంపిక మాది.
కర్లింగ్ క్లబ్బు టీవీ ముందు ఊరు ఊరంతా.
పక్క ఊరి కుర్రాడు, యాభై రెండు గోల్సు కొట్టినవాడు,
ఇంకా ఎవరూ తీసుకోకుండా మిగిలే ఉన్నాడు, మా కోసమే అన్నట్టు.
మా మేనేజరు మైకు దగ్గరికి వెళ్ళి
గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టు ఒక చప్పుడు చేశాడు:
వ్ల్క్.

మూడు హల్లులు.
ఊపిరి పీల్చుకోడానికి మధ్యలో ఒక్క అచ్చు లేదు.
స్లొవాకియా అట. డిఫెన్సట.
పెట్టిన టోపీ జారి అతని చెవుల మీద ఆగింది.
మార్సెల్ గ్లాసు బోర్లించాడు.
"సెంటరు లేక చస్తుంటే తుమ్ముని తెచ్చారు" అన్నాడు కొజాక్.
ఒక ముసలాయన ఏడ్చాడు కూడా, బీరు వల్ల కావచ్చు.
నేను మటుకు లెక్క చూసుకున్నాను:
ఒక ఆర్షాంబో పోతే
నాలుగు వ్ల్క్‌లు కావాలి.

పొద్దున్నే ఒండ్రేయ్ వచ్చాడు,
గనిలో పంపులు బాగుచేసే ముసలి స్లొవాకు.
"వ్ల్క్ అంటే తోడేలు" అన్నాడు, టీ ఊదుకుంటూ.
అంతే. మధ్యాహ్నానికి పదిహేడు జెర్సీలు.
అందరికన్నా ముందు మార్సెల్,
"నాకు మొదట్నుంచీ నచ్చాడు లెంపీ."

ఇక ఆర్షాంబో.
కాంట్రాక్టు మంగళవారం మధ్యాహ్నంతో ఆఖరు.
ఫ్లోరిడా ఏడేళ్ళు ఇస్తోందట.
వరండాలో అట్టపెట్టెలు చూశారట, అంటే వెళ్తున్నాడు.
నవంబరుకి పళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించాడట, అంటే ఉంటాడు.
పడవ అమ్మేశాడట.
కాదు, ఇంజనే అమ్మాడు, పడవుంది.
ఇంజను లేని పడవకి అర్థమేమిటో
ఇద్దరు పెద్దమనుషులు నా కొట్టులో గంటసేపు వాదించుకున్నారు.

రోసేర్ కొడుకు పుట్టినరోజు ఆదివారం. అడిగింది ఆర్షాంబో జెర్సీ.
తండ్రి గొంతు తగ్గించి,
"కుట్టు, గట్టిగా వద్దు. మంగళవారం దాకా కచ్చాకుట్టు చాలు."
అలాగే వేశాను.
లాగితే ఒక్క దారంతో ఊడొచ్చేలా.

శుక్రవారం కొట్టు మూసే వేళకి
ఆర్షాంబో భార్య వచ్చింది,
చంకలో పిల్ల మంచుకోటు.
"చేతులు పొట్టివైపోయాయి, రెండంగుళాలు వదలగలరా?"
మడత తిప్పి చూశాను. గుడ్డ ఉంది.
"ఎప్పటికి కావాలి?"
"తొందరేం లేదు, మంచు పడేలోపు."

ఏ ఊరి మంచు అని నేనడగలేదు.
మాంట్రియల్‌లోనూ పడుతుంది, మినెసోటాలోనూ.
అయినా సరే, రసీదు మీద
తీసుకెళ్ళే తేదీ అక్టోబరు అని రాస్తే
ఆవిడ చదివి, మడిచి, పర్సులో పెట్టుకుంది.

బయట మార్సెల్ నా అద్దానికి ముక్కు ఆనించి ఉన్నాడు.
"ఏమంది? ఏమంది?"
"జిప్పు పాడయిందట" అన్నాను.

ఆ రాత్రి కుర్రాడి జెర్సీ మళ్ళీ తీశాను.
కచ్చాదారం లాగేసి, లావు దారం ఎక్కించి,
ఏ దగ్గర మొదలుపెట్టాను.
హెచ్ దగ్గర సూది విరిగింది, ఇంకోటి వేశాను.
ఎవరూ పలకని ఆ చివరి టీకి కూడా
రెండు వరసలు.