మూత

మొదటి రోజు దాన్ని మామూలు టీలాగే మరిగించాను.
పాలు పోశాను, పంచదార వేశాను,
చెయ్యి ఊరుకోక అల్లం కూడా దంచి పడేశాను.
గిన్నెలో దగ్గుమందు పొంగింది.
పారబోస్తే
సింకు మాత్రం రాత్రి దాకా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

పట్నంబజారు కొట్లో షాహెదా గారు
సంగతి విని తల కొట్టుకున్నారు:
"పచ్చడి పుదీనా అనుకున్నారా?
ఇది దాని దూరపు చుట్టం, కోపం ఎక్కువ.
పెప్పర్‌మింట్‌ని మరిగిస్తే చేదెక్కి కూచుంటుంది.
నీళ్ళు దింపండి, బుడగలు సర్దుకోనివ్వండి, అప్పుడు వెయ్యండి.
వేసిన మరుక్షణం మూత.
మూత లేకపోతే వాసన మీ పక్కింటివాళ్ళు తాగుతారు,
మీకు గడ్డినీళ్ళు మిగుల్తాయి."

ఇరవై ఆరేళ్ళుగా మిర్చియార్డులో చీటీలు రాస్తున్నాను.
తేజ, బాడిగ, మూడొందల నలభైయొకటి,
కళ్ళకి గంతలు కట్టినా
కాయ గలగల విని చెప్తాను ఏ టిక్కీలో ఏముందో.
నాలుకని మాత్రం అడక్కండి.
అది ఎప్పుడో రాజీనామా ఇచ్చింది.
కూరలో ఉప్పు కషాయమైందని మా తమ్ముడు కంచం నెట్టేస్తే
నేను మారు వడ్డించుకుంటాను.
మొన్న అరండల్‌పేటలో డాక్టరు
గొంతులోకి లైటు వేసి,
మేస్త్రీ గోడ పగులు చూసినట్టు చూసి,
"పాలటీ మానెయ్యండి" అన్నాడు.
రోజుకి తొమ్మిది టీల మనిషిని.
వంద గ్రాముల పొట్లం, రెండొందల అరవై రూపాయలు,
అలా నా చొక్కా జేబులోకి వచ్చింది.

ఇవాళ యార్డుకే తెచ్చాను.
కాటాగది వెనక కరెంటు కెటిల్, స్టీలు చెంబు.
చెంబుకి సరిపోయే మూత దొరక్క
పాత లాట్ల పుస్తకం అట్ట.
వేళ్ళ మధ్య ఎండాకు
జేబులో మర్చిపోయి ఉతికేసిన బస్సు టికెట్టులా ఉంది.
నీళ్ళు తగలగానే ఒక్కో మడతా విప్పుకుంది,
అంచున ఉండే రంపప్పళ్ళు కూడా
గుర్తు తెచ్చుకుంది.

ఐదు నిమిషాలు.
ఐదు నిమిషాలంటే ఇక్కడ
ఒక లాటుకి రేటు పలికి
ఒక రైతు మొహం రంగు మారిపోయేంత కాలం.

అట్ట తీశాను.
అంత కోరులోనూ
ముక్కులో ఒక చిన్న కిటికీ రెక్క కదిలింది.

రాలినకాయ ఊడ్చే కోటిరత్నానికి సగం పోశాను.
మొహానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి
ఒక గుక్క తాగి, గ్లాసులోకి అనుమానంగా చూసింది.
"కాలుతోందయ్యా... ఆగు. కాదు. చల్లగుంది.
ఏదో ఒకటి తేల్చుకోమను దీన్ని."

నాకు ముందు ఏమీ తెలియలేదు. లేత గడ్డి, అంతే.
మింగాక, నోరు తెరిచి గాలి పీలిస్తే,
ఏప్రిల్ మధ్యాహ్నం, గుంటూరు గాలి,
పళ్ళ వెనక తడిబట్టలా తగిలింది.
మిరపకాయ నిప్పు లేకుండా కాలుస్తుంది,
ఈ ఆకు మంచు లేకుండా వణికిస్తుంది.
రెండూ అబద్ధాలే.
ఇన్నేళ్ళూ ఒకదాన్నే నమ్మి బతికాను.

తాగేసిన ఆకులు పారబోయబోతే
"ఉండు" అంది కోటిరత్నం.
చెంబు అడుగు నుంచి పిడికెడు తీసి
రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కుకుంది.
ఆ చేతులు నేను రోజూ చూసేవే,
కూలి చీటీ అందుకునేటప్పుడు.
అవి రాత్రిళ్ళు మండుతాయని,
తడి గోనెసంచి కింద పెట్టుకుని పడుకుంటుందని
ఇవాళే చెప్పింది, అదీ నాతో కాదు,
ఆకులతో చెప్పినట్టు.

నేను అట్ట తుడుస్తూ కూచున్నాను.
మైకులో తర్వాతి లాటు పిలుస్తున్నారు.
లేచి, చీపురు అందుకుని,
తువ్వాలు మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంటూ అంది:
"రేపు ఏడు నిమిషాలుంచు. ఆకు ఇంకా మెత్తబడాలి.
ఆ అట్ట తీసేసి
మంచి మూత కొను, లెక్కలు రాసేవాడివి."