గాటు

అరండల్‌పేట మేడ మీద, రాత్రి ఎనిమిదింటికి
ట్యూబ్‌లైటు కింద పదకొండు మందికి ఇంగ్లీషు చెబుతాను.
ఆ రోజు బోర్డు మీద రాసింది
ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్.

"నిక్ అంటే?" అన్నాడు మీరావలి,
మిర్చి యార్డులో కాటా గుమస్తా,
చొక్కా దులిపితే ముందు బెంచీ అంతా తుమ్ముతుంది.
"గాటు" అన్నాను.
"మా దగ్గర లేనిదా సార్ అది!" అన్నాడు.
అతని చెవికి ఒత్తు పడినట్టు వినపడింది.
క్లాసంతా నవ్వింది. దగ్గింది కూడా.

ఒత్తు తీసేసి మళ్ళీ చెప్పాను:
కత్తితో కర్ర మీద పెట్టే గాటు.
కాగితం కరువైన రోజుల్లో ఆ దేశంలో
అప్పుకో గాటు, గొర్రెకో గాటు,
పుల్లే పద్దు పుస్తకం.
గాటంటే సన్నం. అటు జరగదు, ఇటు జరగదు.
సరిగ్గా ఆ సందులో కాలు పెట్టినవాడే
వేళకి వచ్చినవాడు.
మనం వెంట్రుకవాసి అంటాం, వాళ్ళు పుల్ల మీద గాటంటారు,
తప్పిన గండం మటుకు ఒకటే.

మీరావలి పెన్ను మూసి అన్నాడు:
"మా తాతకుండేది సార్, తుమ్మకర్ర.
పది టిక్కీలకో గాటు.
చదువు రాదు. లెక్క తప్పలేదు.
ఆయన పోయాక అమ్మ దాంతో కోళ్ళని అదిలించేది."

తర్వాతి మంగళవారం అతను రాలేదు.
ఏప్రిల్లో రాకూడని వాన
నల్లపాడు వైపు నుంచి లేచింది.
యార్డులో ఆరుబయట, కాటా కాని టిక్కీలు
ఎర్రగా, వరసలు వరసలుగా.
పట్టాలు లాగారు హమాలీలు,
నలుగురి పనికి ఇద్దరు,
తాళ్ళు పళ్ళతో బిగించి.
ఆఖరి ముడి పడ్డాక
మొదటి చినుకు పట్టా మీద టప్పుమంది.

అన్నిటికీ కాదు.
పంతొమ్మిది టిక్కీల ముందే పట్టా అయిపోయింది.
అవి పెదనందిపాడు కోటిరత్నానివి,
కౌలు చేను.
పొద్దుట్నించీ టీకి కూడా కదలకుండా
వాటి మీదే కూర్చుంది ఆవిడ.
కొంగు కప్పింది. ఎన్నిటికని కప్పుతుంది?
తెల్లారేసరికి కాయ తాలులోకి దిగింది,
ధర సగంలోకి.

గురువారం మీరావలి హోంవర్కు చూపించాడు,
అంచులు తడిసి గులాబీ రంగెక్కిన పుస్తకం.
సొంత వాక్యం రాయమన్నాను కదా.

"రెయిన్ కేమ్. వియ్ కవర్డ్ ఇన్ నిక్ ఆఫ్ టైమ్.
నైన్‌టీన్ బ్యాగ్స్, నో."

'ద' ఎక్కడ పోయిందని అడగాలి నేను.
ఎర్ర పెన్ను తీశాను.
పేజీ తిప్పితే ముక్కుకి కొట్టింది,
ఈసారి ఒత్తుతోనే.
మార్జిన్లో చిన్న గీత ఒకటి పెట్టి
పుస్తకం ఇచ్చేశాను.