రెడీ కాలేదు

కావలి ట్రంకు రోడ్డు పక్కన మా షెడ్డు.
పొద్దున పదింటికి పొల్యూషన్ చెక్ అని
పెంచలయ్య ముందురోజు రాత్రి వచ్చుండాడు.
వ్యాను నిండా రొయ్యపిల్లల నీళ్ల వాసన,
డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజను బొమ్మ
నిద్రపట్టని కన్నులాగా.

"దాన్నొక్కటి ఆర్పెయ్యబ్బా, చాలు."

స్టీరింగు కింద, మోకాలు కొట్టుకునే చోట
పదహారు బొక్కల సాకెట్టు.
అగ్గిపెట్టెంత రీడరు గుచ్చాను.
ఫోనులోకి ఒక అక్షరం, నాలుగంకెలు వచ్చాయి:
పి సున్నా నాలుగు రెండు సున్నా.
సైలెన్సరుకి ముందు, పొగని కడిగే తేనెపట్టు
సగం పనే చేస్తోందని దాని ఫిర్యాదు.

మా మేస్త్రీ ఖాజావలికి ఇవేవీ లేవు.
గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టేవాడు,
ఆ చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాడు.
"నూనె తింటా ఉండాది" అనేవాడు,
లేదంటే "గాలి చాల్లేదు."
ముప్పయ్యేళ్లు ఊళ్లో బండ్ల పొగంతా
ఆ ఒక్క ముక్కులోంచే పోయింది.
ఇప్పుడు ఇంటిముందు ప్లాస్టిక్ కుర్చీలో
ఊపిరిని పీల్పుకింతని కొనుక్కుంటా ఉండాడు.

తుడిచెయ్యమంటే తుడిచేశాను. ఒక్క నొక్కు.
పసుపు కన్ను మూసుకుంది.
పెంచలయ్య అయిదొందల నోటు తీశాడు.
ఆగమని, రెండో పేజీ తెరిచి చూపించాను.

మిస్‌ఫైర్: అయింది.
ఆక్సిజన్ సెన్సరు: కాలేదు.
పెట్రోలు ఆవిరి: కాలేదు.
కెటలిస్టు: కాలేదు.

"తప్పు తీసేశావు గదా?"
తప్పు తియ్యలేదయ్యా, తప్పు పేరు తీశాను.
ఇప్పుడీ బండికి నిన్నటి సంగతేదీ తెలీదు.
ఆ సెంటరు కుర్రోడు గొట్టంలో పుల్ల పెట్టేముందు
మనలాగే రీడరు గుచ్చి చూస్తాడు.
ఏమీ తెలీదనేవాడి సాక్ష్యం
ఎవరు రాసుకుంటారు?

నోటు జేబులోకి పోయింది, నేను బండి కిందికి పోయాను.
జాయింటు దగ్గర వెంట్రుకంత చీలిక.
బయటిగాలి దొంగలా అందులో దూరి
సెన్సరు చెవిలో అబద్ధాలు ఊదుతోందేమో.
కొత్త గాస్కెట్ వేశాను.
అదే రోగమో, వేరే ఉందో
రోడ్డు చెప్పాల్సిందే.

రాత్రంతా ఇంజను చల్లారనిచ్చాం.
ట్యాంకులో సగం పెట్రోలు.
నిండుగా ఉంటే ఆవిరి లెక్క తేలదు,
అడుగంటినా తేలదు.
నాలుగున్నరకి తాళం తిప్పి
కదలకుండా కూర్చున్నాం, రెండు నిమిషాలు,
బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు.

ఆ తర్వాత హైవే.
అరవై మీద ముల్లు నిలబెట్టు, పెంచలయ్యా.
ఎక్కొద్దు, దిగొద్దు.
వెనక లారీవాడు హారన్‌తో తిడుతున్నాడు, తిట్టనీ.
తెట్టు దాటాక ఆక్సిజన్ సెన్సరు అయింది.
ఉలవపాడు మామిడితోటల్లో ఇంకా మంచు.
యాక్సిలరేటరు వదిలెయ్, బ్రేకు తొక్కొద్దు,
దానంతటది నెమ్మదించాలి.
సింగరాయకొండలో ఆవిరి అయింది.
కెటలిస్టు ఒక్కటే మొండికేసింది.

తిరుగుదారిలో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా,
"మా ఇంట్లో నాగ్గూడా ఇదే వస్తా ఉండాది" అన్నాడు.
"మానేసి పందొమ్మిది రోజులు.
ఇంకా కాలేదంటది మా రవణమ్మ."

నాకేమనాలో తెలీలేదు.
"అరవై దాటనీకు" అన్నాను.

మళ్లీ తెట్టు దగ్గర, తెల్లారిపోయాక,
ఫోనులో ఆఖరి మాట మారింది.
అయింది.
పసుపు కన్ను తెరుచుకోలేదు.
రెడీ అంటే పాసని కాదు సుమా, అన్నాను.
"తెలుసులేబ్బా."

టీ బంకు దగ్గర ఆపి ఆయన లోపలికెళ్లాక
బండి వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా
గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాను.
వెచ్చగా, కొంచెం తడిగా.
చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

ఏ వాసనో
నాకు చెప్పడం రాలేదు.